జిమ్ లాకర్‌కి ఏ తాళం వేయాలి? నాలుగు రకాలు వాడి చూశాక నా మాట

నమస్తే అండి. టేబుల్ మీద నాలుగు తాళాలున్నాయి చూడండి. మొదటిది చెవితో తీసే మామూలు తాళం. రెండోది మూడంకెల నంబర్ లాక్, సూట్‌కేసులకు వేస్తాం కదా, అది. మూడోది గుండ్రంగా బిళ్లలా ఉన్న డిస్క్ లాక్. నాలుగోది వేలిముద్రతో తెరుచుకునేది. ఒక్కోదాన్ని మూడేసి వారాలు జిమ్‌లో వాడాను. అన్నీ నా డబ్బుతో కొన్నవే, ఏ కంపెనీవాళ్లూ పంపలేదు.

అసలు ఈ వీడియో ఎందుకంటే, నా కార్డు పోయింది. ఒకరోజు వర్కవుట్ అయ్యాక లాకర్ దగ్గరికొచ్చా. తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల పర్సు పెట్టినచోటే ఉంది, పక్కనే ఫోను. నోట్లు కూడా ఉన్నాయి. స్నానం చేసి హాయిగా ఇంటికెళ్లిపోయా. రాత్రి తీరిగ్గా మెసేజ్‌లు చూస్తుంటే, నేను ట్రెడ్‌మిల్ మీద పరిగెడుతున్న టైములో నా కార్డుతో రెండుసార్లు ఏదో కొన్నారు! గబగబా పర్సు తీశా. వెనక అరలో ఉండే కార్డు ఒక్కటే లేదు.

ఆ దొంగ తెలివి చూడండి. పర్సు మొత్తం ఎత్తుకుపోయుంటే నేను అక్కడే గోల చేసేవాణ్ని, ఐదు నిమిషాల్లో కార్డు బ్లాక్ అయ్యేది. ఒక్క కార్డు తీసుకుని, మిగతావన్నీ సర్దిపెట్టి, మళ్లీ తాళం కూడా వేసి వెళ్లాడు. నాకు ఎంత ఆలస్యంగా తెలిస్తే అతనికి అంత లాభం. అందుకే ఈ తాళాల్ని రెండు ప్రశ్నలతోనే చూశా. ఎంతసేపు ఆపుతుంది? ఎవరైనా తెరిస్తే, తెరిచారని నాకు తెలుస్తుందా? ఈ రెండో ప్రశ్న తాళం కొనేటప్పుడు మనలో ఎవరం వేసుకోం.

నంబర్ లాక్‌తో మొదలుపెడదాం. ఇదిగో, కోడ్ 4-1-7. మూడు చక్రాలు, ఒక్కోదాని మీద పది అంకెలు, అంటే మొత్తం 1,000 రకాలు. వినడానికి పెద్దగానే ఉంది. కానీ ఒక్కో నంబరుకి రెండు సెకన్లు వేసుకున్నా అన్నీ తిప్పి చూడటానికి 33 నిమిషాలు చాలు. మన వర్కవుట్ అంతకన్నా ఎక్కువసేపే సాగుతుంది కదా. అదే నాలుగు చక్రాలుంటే 10,000 రకాలు, అదే లెక్కన ఐదున్నర గంటలు పడుతుంది. ఒక్క చక్రంతో ఎంత తేడానో చూడండి. అయితే ఇక్కడ మన బద్ధకం ఒకటుంది. తాళం వేశాక చక్రాలన్నీ తిప్పం. చివరిదాన్ని ఒక్క అంకె జరిపి వెళ్లిపోతాం. మొదటి రెండు అంకెలూ అక్కడే బోర్డు కట్టినట్టు కనబడుతూ ఉంటాయి. నేనూ ఏళ్ల తరబడి అదే చేశా.

పైగా ఇలాంటి సూట్‌కేస్ తాళాల మీద అడుగున చిన్న తాళంచెవి రంధ్రం ఉంటుంది, చూశారా? విమానాశ్రయాల్లో తనిఖీ సిబ్బంది మాస్టర్ కీ పెట్టి తీయడానికి. 2014లో అమెరికాలో ఒక పత్రికలో ఆ మాస్టర్ కీల ఫొటో వచ్చింది. 2015కల్లా ఆ ఫొటోని చూసి త్రీడీ ప్రింటర్‌లో కీలు తయారుచేసుకునే ఫైళ్లు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. కాబట్టి ఈ రంధ్రం ఉన్న తాళాన్ని సూట్‌కేసుకి వేసుకోండి, లాకర్‌కి మాత్రం వద్దు. ఆ కీతో తెరిస్తే గీత కూడా పడదు. నా రెండో ప్రశ్నలో ఇది సున్నా.

వేలిముద్ర తాళం మీద చాలా ఆశపెట్టుకున్నా. మొదటి వారం సరదాగానే ఉంది. తర్వాత తెలిసొచ్చింది, లాకర్ తెరవాల్సిన టైముకి మన వేళ్లు చెమటతో తడిసి ఉంటాయని. టవల్‌తో తుడుచుకుందామంటే, టవల్ లాకర్‌లోనే ఉంది. నవ్వకండి, రెండుసార్లు అలాగే నిలబడ్డా. ఇంకోరోజు చార్జింగ్ అయిపోయింది. కేబుల్ గుచ్చితే పనిచేస్తుంది కానీ, ఆ కేబుల్ ఎక్కడుందో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

డిస్క్ లాక్ సంగతి వేరు. ఇందులో పైకి కనిపించే కడ్డీ చాలా తక్కువ, దాదాపు అంతా ఉక్కు బిళ్ల లోపలే దాక్కుంటుంది. బోల్ట్ కట్టర్ పట్టడానికి చోటు దొరకదు. బలవంతంగా తీయాలంటే చప్పుడు చేయాలి, ఆనవాలు మిగలాలి. నేను అడిగిన రెండు ప్రశ్నలకీ బాగా నిలబడింది ఇదే. కానీ చాలా లాకర్ల గొళ్లేనికి పట్టదు! కొనేముందు మీ లాకర్ గొళ్లెం రంధ్రం కొలుచుకోండి. నా లాకర్‌కి పట్టలేదు, జిమ్‌వాళ్లు ఇంకో వరసలో వెడల్పాటి గొళ్లెం ఉన్నది ఇస్తే అక్కడ వాడి చూశా.

చివరికి నేను స్థిరపడింది చెవి తాళం దగ్గరే. అయితే కార్డు పోయినరోజు వేసిన పాతది కాదు. పాతదాని కడ్డీ సన్నది, లోపల ఒక స్ప్రింగ్ మీదే ఆగుతుంది. పల్చటి రేకుముక్కతో అలాంటివి తెరుచుకుంటాయి, మచ్చ కూడా మిగలదు. నా లాకర్‌ని అలాగే తెరిచారని నా అనుమానం. కొత్తదాంట్లో కడ్డీకి రెండు వైపులా ఉక్కు గోళీలు అడ్డుపడతాయి, రేకు దూరదు. కడ్డీ కూడా గట్టిపరిచిన ఉక్కు. ప్యాకెట్ మీద ఈఎన్ 12320 అని ఉంటే (తాళాల గట్టిదనానికి యూరప్‌వాళ్ల ప్రమాణం అది) పక్కన గ్రేడ్ చూడండి. 1 నుంచి 6 వరకు ఉంటాయి, 6 అన్నిటికన్నా గట్టిది.

అలాగని గ్రేడ్ 6 తెచ్చి రేకు తలుపుకి వేస్తే ఏం లాభం? తాళం వేసితిని గొళ్లెం మరచితిని అని మన పెద్దలు ఊరికే అనలేదు. గొళ్లెం సన్నటి రేకుదైతే తాళం జోలికే వెళ్లరు, తలుపే వంచుతారు. లాకర్ ఎంచుకునేటప్పుడు తలుపు అంచు పట్టుకుని ఒకసారి లాగి చూడండి. మూలన, ఎవరూ రాని చోట ఉన్న లాకర్ మనకు ఎంత ప్రశాంతమో దొంగకీ అంతే ప్రశాంతం. బట్టలు మార్చుకునే గదిలో కెమెరా పెట్టకూడదు, అది న్యాయమే. బయట ఉన్న కెమెరాలో ఎవరు లోపలికి వెళ్లారో కనబడుతుంది, లోపల ఏం చేశారో కనబడదు. నా విషయంలోనూ అదే జరిగింది. ఆ గంటలో చాలామంది వెళ్లొచ్చారు, వాళ్లలో ఎవర్ని అడుగుతాం? జిమ్‌లో హాలు వైపు లాకర్లుంటే, విలువైనవాటికి అవే మేలు.

తాళం మార్చేసే మోసం కూడా ఒకటుంది. మీ తాళం కోసేసి, అచ్చం అలాంటిదే ఇంకోటి వేసి పోతారు. మీరొచ్చి చెవి తిరగట్లేదని అరగంట కుస్తీ పడతారు, తుప్పు పట్టిందేమో అనుకుంటారు. ఆ అరగంట కూడా వాళ్లకే కలిసొస్తుంది. అందుకే నా తాళం మీద నెయిల్ పాలిష్‌తో వంకర గీత పెట్టా. మా ఆవిడ సీసా, చెప్పకుండా తీసుకున్నా.

ఇక ఫోను. స్క్రీన్ లాక్ ఉందిగా, టెన్షన్ ఎందుకు అనుకుంటాం. ఫోను తెరవక్కర్లేదండీ. సిమ్ బయటికి తీసి ఇంకో ఫోనులో వేస్తే ఓటీపీలు అక్కడికి వస్తాయి. పక్కనే పర్సులో కార్డు ఉంది, ఇంకేం కావాలి? దీనికి విరుగుడు సిమ్ పిన్. సెట్టింగ్స్‌లో ఉంటుంది. పెట్టుకుంటే, సిమ్ వేరే ఫోనులోకి మారగానే పిన్ అడుగుతుంది. మొదటిసారి పెట్టేటప్పుడు కంపెనీ ఇచ్చిన పాత పిన్ కొట్టాలి, అది తెలుసుకుని కొట్టండి, ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పితే సిమ్ లాక్ అయి పీయూకే అనే 8 అంకెల కోడ్ అడుగుతుంది. అది కూడా పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు. ఈసిమ్ అయితే ఊడదీయడానికే ఉండదు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనబడకుండా కూడా పెట్టుకోండి, లేకపోతే సిమ్ తీయకుండానే ఓటీపీ చదివేస్తారు.

ఐఫోన్ వాడేవాళ్లకి ఒక సంగతి. 2024 జనవరిలో వచ్చిన 17.3 వెర్షన్‌తో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఇచ్చారు. అది ఆన్‌లో ఉంటే, మీరు రోజూ ఉండే చోట్లు కాకుండా బయట ఎవరైనా మీ ఆపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చబోతే ముఖమో వేలిముద్రో అడిగి, గంట ఆగమంటుంది, తర్వాత మళ్లీ అడుగుతుంది. ఒక్క చిక్కు, రోజూ వెళ్లే జిమ్‌ని కూడా ఫోను తెలిసిన చోటే అనుకోవచ్చు. అందుకని ఆ గంట ఆగడం ఏ చోటైనా వర్తించేలా సెట్టింగ్‌లో ‘ఆల్వేస్’ (ఎప్పుడూ) అనే ఎంపిక పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో రిమోట్ లాక్ ఉంది, వేరే ఫోనులోంచి మీ నంబరు కొట్టి లాక్ చేయొచ్చు. ముందే ఆన్ చేసి ఉంచాలి, ఫోను పోయాక దాన్ని ఆన్ చేయలేం.

నా మట్టుకు నేను ఫోన్ని ఇప్పుడు నడుముకి కట్టే బెల్ట్‌లో పెట్టుకుంటున్నా. పరుగులో ఊగదు, బెంచ్ మీద పడుకుంటే మాత్రం గుచ్చుకుంటుంది, పక్కకి జరుపుకోవాలి. దాంట్లోనే ఒక కార్డు, కారు తాళంచెవి. కారు తాళం లాకర్‌లో వదలొద్దు. పార్కింగ్‌లోకి వెళ్లి బటన్ నొక్కితే కారే దీపాలు వెలిగించి నేనిక్కడున్నానని చెప్తుంది. ఇంటి తాళాలూ, ఇంటి అడ్రస్ ఉన్న లైసెన్సూ ఒకే పర్సులో పెట్టుకునే అలవాటు నాకూ ఉండేది. ఇప్పుడు లాకర్‌లో బట్టలూ, టవలూ, చెప్పులూ ఉంటాయి, అంతే. ఉంగరం ఇంట్లోనే తీసేసి వెళ్తున్నా.

మీరు ఏ తాళం వాడుతున్నారో, డిస్క్ లాక్ మీ లాకర్‌కి పట్టిందో లేదో కింద రాయండి. ఈ నంబర్ లాక్‌ని నా షూ బ్యాగ్‌కి వేద్దామనుకున్నా. కానీ ఇందాక కోడ్ మీ అందరికీ చెప్పేశాను కదా... ఉండండి, ముందు అది మార్చుకుని వస్తా.