పింగ్ వస్తోంది సార్

వేదిక మీది పెద్దలకూ, ఇన్నాళ్లూ అమీర్‌పేట ట్రాఫిక్‌ను ఈదుకుంటూ వచ్చి కోర్సు ముగించుకున్న మీ అందరికీ నమస్కారం. నిల్వ వ్యవస్థల భవిష్యత్తు గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆహ్వానించారు. భవిష్యత్తు చెప్పడానికి జ్యోతిష్కులున్నారు గనుక, నేను ఒక రాత్రి గురించీ, ఆ రాత్రి తెల్లవార్లూ నా చెవిన పడ్డ 'పింగ్ వస్తోంది సార్' అన్న మూడు మాటల గురించీ చెబుతాను. పింగ్ అంటే ఒక కంప్యూటర్ మరో కంప్యూటర్‌ను 'ఉన్నావా?' అని అడిగి జవాబు అందుకునే చిన్న పరీక్ష.

ముందుగా ఒక్క విషయం గుర్తు చేస్తాను. 2014లో వీఎంవేర్ విడుదల చేసిన వీసాన్ అనే నిల్వ సాఫ్ట్‌వేర్‌లో విడిగా స్టోరేజ్ పెట్టె ఉండదు. హోస్టుల్లోని, అంటే వర్చువల్ మెషీన్లనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లను నడిపే సర్వర్లలోని, డిస్కులన్నీ కలిసి ఒకే డేటాస్టోర్‌గా, అంటే ఒకే నిల్వ స్థలంగా కనిపిస్తాయి. ఒక వైఫల్యాన్ని తట్టుకునేలా మిర్రర్ పాలసీ పెడితే, వర్చువల్ డిస్కుకు రెండు ప్రతులు రెండు హోస్టుల్లోనూ, డేటా లేకుండా ఓటు మాత్రమే వేసే విట్నెస్ మూడో హోస్టులోనూ ఉంటాయి. సగానికి మించి ఓట్లు అందుబాటులో ఉండి, వాటిలో తాజా ప్రతి ఒక్కటైనా ఉంటేనే ఆ డిస్కు తెరుచుకుంటుంది. కాబట్టి ఇక్కడ నెట్‌వర్క్ కేబుల్‌ను డిస్కు కేబుల్‌గానే భావించాలి.

ఇక ఆ రాత్రి సంగతి. గచ్చిబౌలిలో ఒక డేటా సెంటర్. సంస్థ పేరు అవసరం లేదు. నాలుగు హోస్టులు ఒక జట్టుగా పనిచేసే క్లస్టర్‌లో నాలుగోది కాసేపు సభ్యుల లెక్కలో ఉంటుంది, కాసేపటికి మాయమవుతుంది. నెట్‌వర్క్ బృందాన్ని అడిగితే పింగ్ వస్తోంది సార్ అన్నారు. నేనూ చేసి చూశాను, నిజంగానే వచ్చింది. ఇక తప్పు హోస్టుదేనని తీర్మానించుకుని దాన్ని రీబూట్ చేశాను. అది లేచి క్లస్టర్‌లో చేరింది గానీ, అది లేని వేళ జరిగిన రాతలన్నీ దాని ప్రతుల్లోకి తిరిగి చేరాలి కదా, ఆ రీసింక్ అంగుళం కూడా కదల్లేదు. అప్పుడు, ఈ మాట సిగ్గుతోనే చెబుతున్నాను, మూడో హోస్టు మీద అనుమానపడి దాన్నీ రీబూట్ చేశాను. ఏ డిస్కులకైతే ఒక ప్రతి మూడో హోస్టులోనూ, రెండోది నాలుగో హోస్టులో పాతబడీ ఉందో, ఆ డిస్కులున్న వర్చువల్ మెషీన్లన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. మూడో హోస్టు మళ్లీ లేచే దాకా, ఆ చలిగదిలో మంకీ క్యాప్ పెట్టుకుని కూడా నాకు చెమటలు పట్టాయి.

డేటా పోలేదు. పరువు పోయింది.

ఏమీ తోచక ర్యాక్ వెనక్కి వెళ్లి టార్చి వేసి చూశాను. మిగతా కేబుళ్ల మీది చీటీలు పసుపెక్కి అంచులు లేచిపోయి ఉన్నాయి. నాలుగో హోస్టు కేబుళ్ల మీది చీటీలు మాత్రం తెల్లగా, కొత్త సిరాతో ఉన్నాయి. ఆ రోజు మధ్యాహ్నమే వాటిని కొత్త నెట్‌వర్క్ స్విచ్‌కు మార్చారట. ఆ మాట మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. హోస్టుల్లో ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, 9000 బైట్లు; కొత్త స్విచ్ పోర్టుల్లో 1500. చిన్న పింగ్ సందులోంచి సైకిల్ దూరినట్టు దూరిపోయింది; డేటా మోసే పెద్ద ప్యాకెట్లు ఆ సందు మొదట్లోనే ఆగిపోయాయి.

మీలో ఎంతమంది, హోస్టు నుంచి పింగ్ పంపే వీఎంకేపింగ్ ఆదేశాన్ని సైజు చెప్పకుండా వాడతారో చేతులెత్తండి. సిగ్గుపడకండి, ఆ రాత్రి నేనూ ఎత్తవలసిన చెయ్యే అది. హోస్టులో వీసాన్‌కు కేటాయించిన వీఎంకే అనే నెట్‌వర్క్ పోర్టు పేరు చెప్పి, ప్యాకెట్‌ను ముక్కలు చేయవద్దన్న ఆప్షన్ పెట్టి, 8972 బైట్లతో పంపండి. 9000లో ఐపీ హెడర్‌కు 20, ఐసీఎంపీ హెడర్‌కు 8 తీసేస్తే మిగిలేది అదే. ఎంటీయూ 1500 అయితే 1472 పెట్టండి. ప్రతి హోస్టు నుంచి మిగిలిన ప్రతి హోస్టుకూ పంపండి. ఒక వైపు నుంచి చూసి వదిలేయడం నా అనుభవంలో రెండో పెద్ద తప్పు.

మొదటి పెద్ద తప్పు ఏమిటంటే, హోస్టులన్నిటినీ ఒకేచోటి నుంచి నిర్వహించే వీసెంటర్‌లో హోస్టు పేరు పక్కన 'నాట్ రెస్పాండింగ్' అని కనిపించగానే స్టోరేజ్ పోయిందని బెంబేలు పడటం. వీసెంటర్ హోస్టుతో మాట్లాడేది మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ మీద. హోస్టు తన హార్ట్‌బీట్‌ను, అంటే 'బతికే ఉన్నాను' అన్న సంకేతాన్ని, యూడీపీ 902 పోర్టుకు పంపుతుంది. ఫైర్‌వాల్‌లో ఆ దారి మూసుకుపోయినా, హోస్టులోని నిర్వహణ సేవలైన హోస్ట్‌డీయో వీపీఎక్స్‌ఏయో మొండికేసినా అదే సందేశం కనిపిస్తుంది గానీ, లోపల వర్చువల్ మెషీన్లు హాయిగా నడుస్తూనే ఉండవచ్చు. వీసాన్ సంగతి వీసాన్‌నే అడగాలి. ప్రతి హోస్టులోకీ ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి 'ఈఎస్ఎక్స్‌సీఎల్ఐ వీసాన్ క్లస్టర్ గెట్' కొడితే సభ్యుల సంఖ్య చెబుతుంది. మూడు హోస్టులు మూడనీ, నాలుగోది ఒకటనీ అంటే క్లస్టర్ చీలిందన్నమాట.

వీసాన్ హోస్టులు ఒకే సందేశాన్ని గుంపు మొత్తానికీ పంపే మల్టీకాస్ట్ రోజుల్లో, ఆ సందేశాలు అవసరమైన పోర్టులకే వెళ్లేలా చూసే ఐజీఎంపీ స్నూపింగ్‌ను స్విచ్‌లో పెట్టించడం కోసం నెట్‌వర్క్ వాళ్ల చుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్లం. 2017లో వీసాన్ 6.6 వచ్చాక అది ఒక్కొక్క హోస్టుకూ విడిగా పంపే యూనికాస్ట్ అయింది, ప్రదక్షిణలు తప్పాయి. అయితే ఇప్పుడు ప్రతి హోస్టూ మిగిలినవాటి చిరునామాల జాబితాను తన దగ్గర ఉంచుకుంటుంది. దాన్ని సరిచూసేది వీసెంటర్. పాత బ్యాకప్ నుంచి వీసెంటర్‌ను తిరిగి నిలబెట్టినప్పుడు ఈ జాబితా తప్పే ప్రమాదం ఉంది గనుక, యూనికాస్ట్ ఏజెంట్ లిస్టును కూడా చూడండి. అందులో ఆ హోస్టు సొంత చిరునామా ఉండకూడదు, మిగిలినవన్నీ ఉండాలి.

ఇంకొక్క మాట, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. హోస్టు కనబడకుండా పోతే వీసాన్ వెంటనే కొత్త ప్రతులు కట్టడం మొదలుపెట్టదు, మామూలుగా 60 నిమిషాలు ఆగుతుంది. ఆ గంట మీకు ఆలోచించుకోవడానికి ఇచ్చిన గంట. టికెట్ మీద గడువు మోగుతోందని పైనుంచి ఫోన్లు వస్తాయి, రీబూట్ చేశావా అని అడుగుతారు. అప్పుడు కూడా ముందు రీసింక్ ఎంత మిగిలిందో చూడండి. రీసింక్ పూర్తి కానిదే రెండో హోస్టును ముట్టుకోకండి.

పై అంతస్తు ల్యాబ్‌లో నాలుగు హోస్టుల క్లస్టర్ పెట్టించాను. అందులో ఒక పోర్టును పొద్దున నేనే పాడుచేశాను, ఏదో చెప్పను. టీ తాగి పైకి రండి. పవర్ బటన్ల మీద టేపు అంటించి ఉంది, దాన్ని పీకకండి.