మోటారు లేకుండానే ఊపిరి తీసే గుర్రం

వీడియో ఇక్కడ ఆపుతున్నా. ఆ చెవి చూడండి. ఈ బొమ్మ గుర్రం అడుగు వెయ్యలేదు, తల తిప్పలేదు. చెవులు వెనక్కి వాల్చింది, అంతే. ఎదురుగా ఉన్న మనిషి దానికి నచ్చలేదని హాల్లో అందరికీ తెలిసిపోయింది. ఆ చెవిని లాగేది ఏంటో తెలుసా? సైకిల్ బ్రేకు వైరు!

ఇది 'వార్ హార్స్' నాటకం. 2007లో లండన్ నేషనల్ థియేటర్లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చిక్కుకున్న జోయీ అనే గుర్రం కథ. ఆ గుర్రం బొమ్మని తయారుచేసింది కేప్‌టౌన్‌కి చెందిన హ్యాండ్‌స్ప్రింగ్ పపెట్ కంపెనీ, అంటే ఏడ్రియన్ కోలర్, బేసిల్ జోన్స్. 2004లోనే వీళ్ళు ఓ నాటకానికి జిరాఫీ బొమ్మని కూడా చేశారు.

ఒళ్ళంతా వంచిన బెత్తమే. వెన్ను మాత్రం అల్యూమినియం, ఎందుకంటే నటుడు నిజంగానే ఎక్కి స్వారీ చెయ్యాలి. మన ఉత్సవాల్లో కీలుగుర్రాలాట చూసే ఉంటారు. అందులో ఆడే మనిషే రౌతు, గుర్రం కాళ్ళూ తనే. ఇక్కడ అలా కాదు, రౌతు బరువంతా కింద ఇద్దరి మీద పడుతుంది. ముందు కాళ్ళకి ఒకరు, వెనక కాళ్ళకీ తోకకీ ఒకరు. తలా చెవులూ చూసుకునే మూడో మనిషి బయటే నిలబడతాడు, మనకి కనపడుతూనే! దాచే ప్రయత్నమే లేదు. నన్నడిగితే ఇదే వీళ్ళు చేసిన తెలివైన పని. దాచామనుకోండి, మన కళ్ళు లోపలి మనిషినే వెతుకుతాయి.

ఇప్పుడు ముందు కాళ్ళ మనిషి మోకాళ్ళు చూడండి. గుర్రం ఊరికే నిలబడి ఉన్నా, అతను మెల్లగా వంగి లేస్తున్నాడు. చట్రం అతని భుజాల మీదే ఉంది కాబట్టి గుర్రం ఛాతీ పైకీ కిందకీ ఆడుతుంది. అదే ఊపిరి. మోటారూ లేదు, గాలి పంపూ లేదు. చేతిలో ఉన్న ఒక లీవర్ (మీట) గుర్రం మోకాలిని ఎత్తితే, ఇంకోటి గిట్టని లోపలికి ముడుస్తుంది. ఆ గిట్ట ముడుచుకోకపోతే బల్ల నడిచినట్టే ఉంటుంది. సకిలింపు కూడా ముగ్గురూ కలిసి చేస్తారు, అంత పెద్ద జంతువు గొంతు ఒక్కరి వల్ల రాదు కదా.

కాలేజీ నాటకానికి ఆవునో, ఏనుగునో చేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. ముందు చట్రం భుజాన వేసుకుని ఈ ఊపిరి సాధన చెయ్యండి, చెవులూ తోకా తర్వాత. బ్రేకు వైరు కొనేటప్పుడు పై తొడుగుతో సహా తీసుకోండి. ఆ తొడుగుని రెండు చివర్లా కదలకుండా బిగించాలి. లేకపోతే లీవర్ నొక్కినప్పుడు తొడుగే వంగుతుంది, చెవి మాత్రం కదలదు. వైరు లాగడమే గానీ నెట్టలేదు కాబట్టి, చెవి మళ్ళీ ముందుకి రావడానికి చిన్న స్ప్రింగో, గట్టి రబ్బరు బ్యాండో వెయ్యడం మర్చిపోకండి.