పక్కపక్కన నడిచే కరెంట్లు

అందరికీ నమస్కారం.

ముందు ఈ బల్ల మీద ఉన్నది చూడండి. వెనక వరుసల వాళ్లు లేచి నిలబడినా ఫరవాలేదు. ఇవి రెండు అల్యూమినియం ఫాయిల్ పట్టీలు. సెంటీమీటరు వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు. పైనా కిందా క్లిప్పులతో పట్టించి, మధ్యలో కాస్త వదులు ఉంచి, అర సెంటీమీటరు ఎడంతో నిలువుగా కట్టాను. కింది కొసలు రెండింటినీ కలిపేశాను. అంటే కరెంటు ఒక పట్టీలో కిందికి దిగి, రెండో దానిలో పైకి ఎక్కుతుంది. ఇప్పుడు బ్యాటరీ తీగ అంటిస్తున్నాను. చూశారా? రెండూ చెరో పక్కకు ఉబ్బాయి. తీగ తీసేయగానే మళ్లీ మామూలుగా వేలాడుతున్నాయి. సెకను మించి అంటించి ఉంచకూడదు, బ్యాటరీ వేడెక్కిపోతుంది.

ఇప్పుడు కనెక్షన్ మారుస్తాను. పై కొసలు రెండూ ఒక తీగకి, కింది కొసలు రెండూ ఇంకో తీగకి. రెండు పట్టీల్లోనూ కరెంటు కిందికే. అంటించాను. ఈసారి దగ్గరికి జరిగి అతుక్కున్నాయి.

చదువుకునే రోజుల్లో వైవాలో నన్ను ఇదే అడిగారు. ‘ఒకే దిశలో పోయే కరెంట్లు ఏం చేస్తాయి?’ ఏమాత్రం తడుముకోకుండా ‘వికర్షించుకుంటాయి సార్’ అన్నాను. సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి, సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి అని బట్టీ పట్టిన బుర్ర మరి. ఆయన ఏమీ అనలేదు, మార్కులు మాత్రం వేయలేదు. ఆ టెన్షన్‌లో పొరపాటు పడ్డానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి నాకు విషయం అర్థం కాలేదు.

అర్థం చేసుకోవడానికి కుడి చెయ్యి చాలు. బొటనవేలు కరెంటు పోయే వైపు పెట్టి మిగతా వేళ్లు ముడవండి. ఆ వేళ్లు తిరిగినట్టే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం తిరుగుతుంది. పక్క తీగ ఆ క్షేత్రంలో ఉంది, దానిలోనూ కరెంటు పోతోంది, కాబట్టి దాని మీద బలం పడుతుంది. ఇక రెండు తీగల నడుమ చోటు చూడండి. కరెంట్లు ఒకే దిశలో ఉంటే అక్కడ ఒకదాని క్షేత్రం ఇంకోదానికి ఎదురు తిరిగి ఉంటుంది. నడుమ క్షేత్రం బలహీనపడి, బయటి పక్కల బలపడుతుంది. తీగలు బలహీనమైన చోటికి నెట్టుకొస్తాయి. కరెంట్లు ఎదురెదురైతే నడుమనే క్షేత్రం గట్టిపడుతుంది, తీగలు బయటికి జరుగుతాయి.

కరెంటు దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని డెన్మార్క్‌లో శాస్త్రవేత్త ఎర్‌స్టెడ్ కనిపెట్టింది 1820లో. ఆ కబురు పారిస్ చేరిన నెలలోనే, సెప్టెంబరులో, అక్కడి శాస్త్రవేత్త ఆంపియర్ ఇంకో అడుగు వేశాడు. అయస్కాంతం ముక్క కూడా లేకుండా, తీగకి తీగకి మధ్యే బలం చూపించాడు. ఇది మామూలు విద్యుదావేశాల లాగుడే కదా అని అనిపించవచ్చు. ఆవేశాల పనే అయితే సజాతులు దగ్గరికి రాకూడదు. పైగా తీగలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో దాదాపు అంత ధనావేశమూ ఉంది, రెండూ చెల్లుకు చెల్లు. మిగిలి కనిపించేది కదలిక వల్ల పుట్టిన బలమే. అదే శూన్యంలో రెండు ఎలక్ట్రాన్ పుంజాలను పక్కపక్కన పంపితే అవి దూరం జరుగుతాయి. అక్కడ చెల్లువేసే ధనావేశం లేదు మరి.

ఇక లెక్క. పొడవాటి తీగలకు, మీటరు పొడవు మీద పడే బలం రెండు కరెంట్ల లబ్ధానికి అనుపాతంలో, దూరానికి విలోమానుపాతంలో ఉంటుంది. మీటరు ఎడంలో ఒక్కో ఆంపియర్ పోతే ఆ బలం న్యూటన్‌లో కోటి భాగాల్లో రెండు భాగాలు. ఉప్పు రవ్వ బరువు కూడా ఉండదు. అయినా 1948 నుంచి 2019 మే 20 దాకా ఆంపియర్‌కు నిర్వచనం ఇదే! అనంతమైన పొడవు, మందం లేని తీగలు అని కూడా అందులో ఉండేది. అలాంటి తీగ ఎక్కడ దొరుకుతుందని నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఎలక్ట్రాన్ ఆవేశం విలువను స్థిరం చేసి ఆంపియర్‌ను దాన్నుంచి తెస్తున్నారు.

మరి మన పట్టీలు ఎలా కదిలాయి? 5 ఆంపియర్లు, అర సెంటీమీటరు ఎడం అనుకోండి. మీటరుకు న్యూటన్‌లో వెయ్యో వంతు, అంటే సుమారు గ్రాములో పదో వంతు బరువు. పల్చటి ఫాయిల్ పట్టీ బరువే మీటరుకు అర గ్రాము లోపు. అందుకే కదిలింది. మందపాటి రాగి తీగతో చేసి ఉంటే మీరంతా నన్ను చూసి జాలిపడేవారు.

కానీ లబ్ధం అన్నాను చూడండి, కొంప ముంచేది అదే. సబ్‌స్టేషన్‌లో రెండు బస్‌బార్లు, అంటే భారీ కరెంటు మోసే లోహపు కడ్డీలు, 10 సెంటీమీటర్ల ఎడంలో ఉన్నాయనుకుందాం. వెయ్యి ఆంపియర్లకు మీటరుకు 2 న్యూటన్లు, పావుకిలో లోపే. షార్ట్ సర్క్యూట్ పడి కరెంటు ఒక్క క్షణం 50 వేలకు ఎగబాకితే? కరెంటు పెరిగింది 50 రెట్లు, బలం 2500 రెట్లు. మీటరుకు 5000 న్యూటన్లు, అంటే అరటన్ను. బ్రేకర్ ఉంది కదా అంటారు. 50 హెర్ట్జ్ సరఫరాలో మొదటి శిఖరం సెకనులో వందో వంతులోనే వచ్చేస్తుంది, మామూలు బ్రేకర్ అప్పటికింకా తెరుచుకోదు. ఆ దెబ్బను ఓర్చుకోవాల్సింది బస్‌బార్‌ను పట్టుకున్న ఇన్సులేటర్లే. వంగిపోయిన బార్లు, విరిగిన ఇన్సులేటర్లు చూసినవాళ్లకు ఈ సూత్రం మళ్లీ చెప్పక్కర్లేదు.

ఏసీ కదా, దిశ మారుతుంటే ఆకర్షణ వికర్షణగా మారదా అని ఎవరో ఒకరు అడుగుతారు. మారదు. పోయే తీగలోనూ తిరిగొచ్చే తీగలోనూ దిశ ఒకేసారి మారుతుంది, రెండు గుర్తులూ కలిసి మారితే లబ్ధం గుర్తు మారదు. బలం సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది, అంతే.

హైటెన్షన్ లైన్లలో ఒక ఫేజ్‌కు రెండో నాలుగో తీగలు కట్టగా పోతాయి, మధ్యమధ్య వాటిని ఎడంగా పట్టి ఉంచే స్పేసర్లుంటాయి. అవి గాలికి తీగలు కొట్టుకోకుండా అనుకుంటారు చాలామంది. అది సగమే నిజం. వాటిలో కరెంటు ఒకే దిశలో పోతుంది కాబట్టి, షార్ట్ సర్క్యూట్ వేళ తీగలు ఒకదాని మీదికి ఒకటి దూకుతాయి. ఆ నలుగుడంతా స్పేసర్ల మీదే పడుతుంది.

పక్కన రెండో తీగ ఉండాలన్న నియమం కూడా లేదు. 1905లో ఆస్ట్రేలియాలో పిడుగు పడిన ఒక బోలు రాగి గొట్టాన్ని పొలాక్, బరాక్లఫ్ అనే ఇద్దరు పరిశీలించారు. గొట్టం గోడలో చుట్టూతా కరెంటు ఒకే దిశలో పరుగెత్తింది. ప్రతి పాయా మిగతా పాయలను తన వైపు లాక్కుంది. గొట్టం లోపలికి నలిగిపోయింది.