గిటార్ పెట్టె ముందు ఒక మైకు

(ఒంగోలులో సౌండ్ సిస్టమ్స్ యజమానులు, ఆపరేటర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, కావలి, కందుకూరు, కనిగిరి, దర్శి నుంచి పనులు మానుకుని వచ్చిన మైక్‌సెట్ అన్నలందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది గానీ, భోజనాల టైము దగ్గర పడిందని అధ్యక్షులవారు ముందే హెచ్చరించారు.

నన్ను ఎర్తింగ్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు స్టేజీ మీద ఎర్తింగ్ లేని మైకు ముట్టుకుని షాక్ కొట్టి చనిపోయాడు. ఎలక్ట్రిక్ గిటార్ తీగలు ఆంప్ ఎర్త్‌కు, అంటే గిటార్ సౌండ్ పెంచే ఆంప్లిఫయర్ పెట్టె ఎర్త్‌కు, కలిసి ఉంటాయి. చెయ్యి తీగల మీద, మూతి మైకు మీద ఉన్నప్పుడు ఆ రెండింటి ఎర్త్‌లో తేడా ఉంటే కరెంటు మనిషి గుండానే పోతుంది. అందుకని ఆంప్‌కూ, మైకులన్నీ వచ్చి కలిసే మిక్సర్‌కూ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. హమ్, అంటే గుంయ్‌మనే మోత, వస్తోందని ప్లగ్గులో మూడో పిన్ను, అదే ఎర్త్ పిన్ను, పీకెయ్యకండి. జనరేటర్ పెట్టినచోట ఎర్త్ రాడ్ దిగ్గొట్టి నీళ్లు పోయించండి.

ఎర్తింగ్ అయిపోయింది. ఇప్పుడు గిటార్ వాయించేవాడిగా నా బాధ చెప్పుకుంటాను. ఇంతమంది ఆపరేటర్లు ఒకే హాల్లో నాకు మళ్లీ దొరకరు.

ఒక ఊరి తిరునాళ్లలో ఆర్కెస్ట్రా. ఊరి పేరు చెప్పను, ఆ సెట్టు ఓనరు ఇక్కడే ఉన్నారేమో. నా వాల్వు ఆంప్, అదే పాత రేడియోల్లోలాంటి గాజు వాల్వులతో నడిచే గిటార్ పెట్టె, మోసుకుని వెళ్లాను. చూడగానే ఆపరేటర్ తమ్ముడు "లైన్ ఇచ్చెయ్యన్నా, ఈ పెట్టె ఎందుకు?" అన్నాడు. అంటే గిటార్ వైరు నేరుగా మిక్సర్‌కు ఇచ్చెయ్యమని. బతిమాలితే ఒక మైకు పెట్టాడు. పాట మధ్యలో నా బిట్టు వచ్చింది. గిటార్ సౌండును బొంగురు చేసే పెడల్ తొక్కాను. పక్కనున్న నా పెట్టె తప్ప బయట సౌండే లేదు! పాట అయ్యాక ఆ తమ్ముడు పరిగెత్తుకొచ్చి, "ఏందన్నా, నీ స్పీకర్ చిరిగినట్టుంది, బొర్రుమంటా ఉంది. నువ్వేం టెన్షన్ పడబాక, నేను వెంటనే మూసేశాలే" అన్నాడు. ఎంత ప్రేమగా చెప్పాడంటే, తిట్టడానికి నాకు నోరు రాలేదు. చప్పట్లు మాత్రం కీబోర్డు అబ్బాయికి పోయాయి.

అతన్ని అనడానికి లేదు. డిస్టార్షన్, అంటే సౌండ్ చెదిరి బొర్రుమనడం, రాకుండా చూడటమే మీ వృత్తి. ఆంప్‌లు చేసినవాళ్లదీ అదే పట్టుదల. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950ల్లో శుభ్రమైన సౌండ్ కోసమే ఆంప్‌లు చేసింది. కుర్రాళ్లు వాల్యూం చివరిదాకా తిప్పారు. వాల్వు ఇవ్వగలిగినంత ఇచ్చి, ఆపైన ఇవ్వలేక తరంగం తల చదును చేసేస్తుంది. అక్కడ కొత్త హార్మోనిక్స్, అంటే అసలు స్వరం మీద పలికే పై స్వరాలు, పుడతాయి, నోటు లావెక్కుతుంది, ఎక్కువసేపు నిలబడుతుంది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే బొంగురుగా పలుకుతుంది. వాయించేవాడి చెయ్యి అందులో వినబడుతుంది. ఓవర్‌డ్రైవ్ అంటే ఇదే. పెట్టె చెడిపోవడం కాదన్నా!

స్పీకర్ కోన్, అంటే లోపల అదిరే కాగితం గరాటు, చిరిగితే మీరేం చేస్తారు? కొత్త కోన్ వేయించడానికి రీకోనింగ్‌కు పంపుతారు. అమెరికాలో లింక్ రే 1958 ప్రాంతంలో పెన్సిల్‌తో స్పీకర్‌కు కావాలని బొక్కలు పొడిచాడు. 1964లో కింక్స్ బృందంలోని డేవ్ డేవీస్ బ్లేడుతో కోసేశాడు. ఆ బొంగురు కోసమే. ఇక మార్షల్ అని గోడంత పెట్టెలు చూస్తుంటారే, ఆ జిమ్ మార్షల్ ఎవరనుకున్నారు? లండన్‌లో డ్రమ్ములమ్మే కొట్టు పెట్టుకున్నాయన. 1960ల మొదట్లో షాపులోని టెక్నీషియన్లతో ఫెండర్ వాళ్ల బాస్‌మన్ అనే ఆంప్ సర్క్యూట్ చూసి ఒక ఆంప్ కట్టించాడు. మీలాంటి షాపువాడే! మనకూ వాల్వులు కొత్తవి కావు. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్)లో తయారైన వాల్వులు ఇప్పటికీ విదేశీ గిటారిస్టులు వెతుక్కుంటారు.

ఇదిగో, ఈ పచ్చ పెడల్ ఐబానెజ్ ట్యూబ్ స్క్రీమర్. 1970ల చివర వచ్చింది. 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. లోపల ఏముందనుకున్నారు? సౌండ్ పెంచే 4558 చిప్పు! మీరు బాస్-ట్రెబుల్ బోర్డుల్లో మారుస్తుంటారే, అదే రకం. దాని ఫీడ్‌బ్యాక్‌లో, అంటే బయటికొచ్చిన సౌండును మళ్లీ చిప్పు లోపలికి తిప్పే దారిలో, డయోడ్లు పెట్టి తరంగం తల కోస్తారు, అంతే. మన కుర్రాళ్లు బొంగురు పెంచే దీని డ్రైవ్ నాబ్ మొత్తం తిప్పేస్తారు. అది తగ్గించి లెవెల్ పెంచితే, పెడల్ వాల్వును తోస్తుంది. అసలు రుచి అప్పుడొస్తుంది.

ఆగండి, అధ్యక్షులవారు చీటీ పంపారు. రెండే నిమిషాలు.

లైన్ ఇచ్చెయ్యన్నా, లైన్ ఇచ్చెయ్యన్నా అంటారు కదా, అందులో తిరకాసు వినండి. గిటార్ పెట్టెలోని 12 అంగుళాల స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక పడిపోతుంది. కోసిన తరంగంలోని గరుకంతా అక్కడే ఆగిపోతుంది. మీ టాప్ బాక్సుల్లో సన్న సౌండు పలికే హార్న్‌లు ఉంటాయి, 15,000 దాకా పలుకుతాయి. పాటకు అవి కావాలి. పెడల్‌ను నేరుగా మిక్సర్‌కిస్తే ఆ గరుకంతా జనం చెవిలో పడుతుంది, పలక మీద బలపం కీచుమన్నట్టు. అప్పుడు మీరే "గిటార్ బాగాలేదు, తగ్గించు" అంటారు. స్పీకర్ కూడా వాయిద్యంలో భాగమే అన్నా, దాన్ని వదిలేసి సౌండ్ రమ్మంటే రాదు. ఎస్‌ఎమ్ 57 లాంటి మామూలు మైకు చాలు. కోన్ నడిమధ్యకు కాకుండా కాస్త పక్కకు, గుడ్డకు దగ్గరగా పెట్టండి. ఆంప్ లేని కుర్రాడికైతే క్యాబినెట్ సిమ్యులేటర్, అంటే గిటార్ స్పీకర్ పెట్టెలాగా సౌండ్ మార్చేది, పెట్టుకోమని చెప్పండి, అప్పుడు లైన్ తీసుకోండి.

మన నెల్లూరు ఎస్పీ బాలు గారి ట్రూపులో ఒకప్పుడు గిటార్ వాయించిందెవరో తెలుసా? ఇళయరాజా గారు. మూలన నిలబడ్డ గిటార్ అబ్బాయిని కాస్త చూసుకోండి మరి. ఈ ఒంగోలు చర్చిల్లోనే ఎంతమంది పిల్లలు ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుంటున్నారో మీకు తెలుసు. క్రిస్మస్ బుకింగులు మొదలవుతున్నాయి. ఈసారి లిస్టులో గిటార్ ఆంప్‌కు ఒక మైకు, ఒక పొట్టి స్టాండు రాసుకోండి. ఉత్తినే అడగడం లేదు. బాడుగ ఎంతో ఇప్పుడే చెప్పండి, ఆర్కెస్ట్రా వాళ్లం మాట్లాడుకుని ఇచ్చేస్తాం.