కారు ఏసీలో గ్యాసు ఎక్కడికి పోయింది?

శ్రోతలకు నమస్కారం. రోహిణి కార్తె ఎండల్లో విజయవాడ నుంచి హైదరాబాదుకు కారులో బయలుదేరినప్పుడు, నందిగామ దాటకముందే ఏసీ వేడిగాలి కొట్టడం మొదలుపెడితే, చంటిపిల్లలతోనూ పెద్దవారితోనూ ఆ ప్రయాణం ఎంత కష్టమో వేరే చెప్పనవసరం లేదు. అటువంటప్పుడు ఎవరిని అడిగినా సాధారణంగా వచ్చే సమాధానం ఒక్కటే: గ్యాసు అయిపోయింది, నింపించండి. ఆ సమాధానం గురించే ఈ పూట మాట్లాడదలచాను, ఎందుకంటే కారు ఏసీలో గ్యాసు అయిపోదు. పెట్రోలు మండుతుంది కనుక అయిపోతుంది. ఏసీ గ్యాసు అలా మండి ఖర్చు కాదు, మూసి ఉన్న గొట్టాలలో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దానిని నొక్కి పంపితే, రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో అది తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం డ్యాష్‌బోర్డు వెనుకనున్న కూలింగ్ కాయిల్‌లో ఆవిరవుతూ కారు లోపలి వేడిని లాగివేస్తుంది. రబ్బరు గొట్టాల గుండా కొద్దిపాటి గ్యాసు ఏళ్ల తరబడి జారిపోయే మాట నిజమే. కానీ ప్రతి వేసవికీ ఖాళీ అవుతున్నదంటే అది లీకే.

మా వీధిలో అద్దెకారు నడిపే ఒకాయన ఉన్నారు. ప్రతి ఏడూ ఎండలు ముదరగానే ఆయన గ్యాసు నింపించేవారు; కొన్ని వారాలు చల్లగా ఉండేది, తరువాత మామూలే. చివరకు ఎవరో చెబితే విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత మేస్త్రి దగ్గరకు వెళ్లి, గ్యాసు నింపమని అడిగారు. ఆ మేస్త్రి సిలిండర్ జోలికి వెళ్లలేదు. "గ్యాసు సంగతి తరువాత చూద్దాం బాబూ, ముందు ఈ లైటు పట్టుకో" అని బానెట్ ఎత్తి, గొట్టాల వెంబడి ఒక్కొక్క అతుకునూ చూసుకుంటూ పోయి, కండెన్సర్‌కు గొట్టం కలిసే చోట ఆగారు. చుట్టుపక్కలంతా పొడిదుమ్ము ఉండగా, ఆ ఒక్కచోట మాత్రం దుమ్ము నల్లగా, జిడ్డుగా పట్టి ఉంది. కంప్రెసర్‌కు కావలసిన నూనె గ్యాసుతో పాటే గొట్టాలన్నీ తిరుగుతుంది కనుక, గ్యాసు కారే చోట నూనె కూడా చెమరుస్తుంది. చెమర్చిన చోట దుమ్ము అతుక్కుంటుంది. నాకు ఈ వృత్తాంతంలో అన్నిటికంటే నచ్చినది ఆ జిడ్డుమరకే. ఏ యంత్రమూ లేకుండా, కేవలం ఓపికగా చూసే కంటికి అది దొరికింది.

అయినా మేస్త్రి ఆ మరకను నమ్మి ఊరుకోలేదు. గొట్టాలలోకి పొడి నైట్రోజన్‌ను కొలిచిన ఒత్తిడితో ఎక్కించి, అతుకు మీద సబ్బునురుగు రాశారు. కొద్దిసేపటికి బుడగ ఒకటి మెల్లగా ఉబ్బింది, తరువాత మరొకటి. విప్పి చూస్తే లోపలి ఓరింగ్ గట్టిపడి, చిట్లిపోయి ఉంది. కొద్ది రూపాయల రబ్బరు చుట్ట అది. దానికోసం మా పొరుగాయన ఏటేటా గ్యాసు డబ్బు పోసుకుంటూ వచ్చారు.

కొత్త ఓరింగ్‌కు కంప్రెసర్ నూనె రాసి బిగించారు, తేమను పీల్చే డ్రయ్యర్‌ను మార్చారు, ఆపైన వాక్యూమ్ పంపు పెట్టి అరగంటకు పైగా నడిపారు. ఈ పని తొందరలో చాలామంది వదిలివేస్తారు, వదలకూడదు. లోపల గాలి ఉంటే ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గుతుంది. తేమ ఉంటే కూలింగ్ కాయిల్‌కు ముందుండే సన్నని వాల్వు దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది, పైగా నూనెతోనూ గ్యాసుతోనూ కలిసి ఆమ్లమై లోహాన్ని తింటుంది. పంపు ఆపిన తరువాత గేజ్ ముల్లు కదలకుండా నిలబడడం చూసి, అప్పుడు మాత్రమే గ్యాసు ఎక్కించారు. అది కూడా తూకం వేసి, బానెట్ కింద అతికించిన కాగితం మీద ఎన్ని గ్రాములని రాసి ఉందో అన్నే. ఎక్కువ గ్యాసు పోస్తే ఎక్కువ చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

గ్యాసు తగ్గినప్పుడు కంప్రెసర్ తనంతట తాను ఆగిపోవడం కూడా జబ్బు కాదు. గ్యాసు లేకపోతే నూనె తిరగదు, నూనె తిరగకపోతే కంప్రెసర్ అరిగిపోతుంది. అందుకే ప్రెషర్ స్విచ్చి దానిని ఆపుతుంది. ఆ స్విచ్చిని తప్పించి వైరు డైరెక్టు చేస్తామని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి.

ఇందులో డబ్బు ఒక్కటే కాదు విషయం. పాత కార్లలో వాడిన ఆర్-12 అనే ఏసీ గ్యాసు ఓజోను పొరను దెబ్బతీస్తున్నదని తెలిసి, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత దానిని మానుకున్నారు. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయదు కానీ, నూరేళ్ల లెక్కన అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే కనీసం 1,300 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అంటే అరకిలో గ్యాసు కారిపోతే 650 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదిలినంత పని. ఏటేటా నింపించి ఏటేటా పోగొట్టుకోవడం నాకు బాధ కలిగించేది ఇందువల్లనే.

ఏసీ చల్లబరచకపోవడానికి ప్రతిసారీ గ్యాసే కారణం కాదు. బండి పరుగెడుతున్నప్పుడు చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడెక్కితే ముందు కండెన్సర్ ఫ్యాను చూపించండి. గాలే సన్నగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ తీయించండి. గ్యాసే తగ్గిందని తేలితే మాత్రం, నింపకముందు మేస్త్రిని ఈ ఒక్క మాట అడగండి: లీకు ఎక్కడుందో నాకు చూపిస్తారా? కంటికీ సబ్బునురుగుకూ చిక్కనంత సన్నని లీకైతే, గ్యాసుతో పాటు మెరిసే రంగును ఎక్కించి, కొద్దిరోజులు బండి నడిపిన తరువాత అతినీలలోహిత దీపంతో వెతికే పద్ధతి ఉంది. అప్పుడు కారు కింద ఏసీ నీరు కారే గొట్టం చివర కూడా ఆ దీపం వేసి చూడమనండి. కూలింగ్ కాయిల్ కారుతుంటే డ్యాష్‌బోర్డు విప్పకముందే ఆ రంగు నీటితో కలిసివచ్చి అక్కడ కనిపించవచ్చు.