రాయబారానికి ఒక్క కృష్ణుడు చాలడు!

ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులా అని నవ్వుతున్నారా? నవ్వండి. నేను మాత్రం ఇవాళ ఒకటే మాట చెప్తా, వీడియో అయ్యేలోపు పదిసార్లు చెప్తా. రాయబారానికి ఒక్క కృష్ణుడు చాలడు. ముగ్గురు ఉండాల్సిందే!

నమస్తే అండీ. శ్రీకృష్ణ రాయబారం పద్యనాటకంలో కృష్ణుడి వేషాన్ని ముగ్గురు నటులు సీన్లు పంచుకుని వేస్తారు కదా, ఆ క్లిప్ మీ వాట్సాప్‌కి కూడా వచ్చే ఉంటుంది. తెర పడేటప్పుడు కృష్ణుడు పొడుగ్గా, బక్కగా ఉంటాడు. తెర లేచేసరికి పొట్టిగా, బొద్దుగా అయిపోతాడు. "ద్వారక నుంచి ఉపప్లావ్యం వచ్చేలోపు దార్లో ఎన్ని హోటళ్లు తగిలాయిరా" అని కింద ఎవడో రాశాడు. పంచ్ బాగుంది, నేనూ నవ్వాను. కానీ ఆ తర్వాత నా పాత వీడియోల కిందకొచ్చి "ఇది నాటకం కాదు, సర్కస్" అని రాశారు చూడండి, అక్కడ మండింది నాకు. మీలో ఎంతమంది రాత్రంతా కూర్చుని ఆ సర్కస్ చూశారు?

నేను చూశాను. మొన్న శివరాత్రికి, తెనాలి దగ్గర ఓ ఊళ్లో. గుడి ముందు స్టేజీ, కింద టార్పాలిన్ పట్టాలు, ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పట్లు. ఆర్టిస్టుల్లో చాలామందికి పొద్దున వేరే ఉద్యోగాలు. అర్జునుడు బస్సు కండక్టరు, దుర్యోధనుడికి ఎరువుల కొట్టు. మొదటి కృష్ణుడు ఒక్కడే పూర్తిగా నాటకాల మీద బతికేవాడు. రిహార్సల్సా? ఆ మాట అడిగితే నాటకం కుదిర్చిన కాంట్రాక్టరు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. "పద్యాలు అందరికీ వచ్చు కదండీ" అన్నాడు. అంతే.

కృష్ణుడు నిద్రలో ఉండగా అర్జునుడు, దుర్యోధనుడు సాయం కోరి వచ్చే పడక సీనులో మొదటాయన కళ్లు తెరిచి "బావా ఎప్పుడు వచ్చితీవు" ఎత్తుకున్నాడు. జనం వన్స్ మోర్. మళ్లీ పాడాడు. మళ్లీ వన్స్ మోర్! సరిగ్గా అప్పుడు నేను తెర వెనక్కి వెళ్లాను. అక్కడ రెండో కృష్ణుడు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఊళ్లో ఆయన స్కూలు మాస్టారు. ముఖానికి నీలం రంగు, ఒళ్లో కిరీటం, నెమలి ఈక ఊడిపోకుండా రబ్బరు బ్యాండు. స్టీలు గ్లాసులో మిరియాలు వేసిన వేడినీళ్లు. బయట ఒక్కో వన్స్ మోర్ వినపడుతుంటే ఆ గ్లాసు మీద వేళ్లు బిగుసుకుంటున్నాయండీ! నన్ను చూసి నవ్వాడు గానీ ఆ నవ్వులో టెన్షన్ దాగలేదు. "ఆయన రెండుసార్లు వన్స్ మోర్ అనిపించుకున్నాడు, ఇప్పుడు నా గతేంటి" అన్నాడు.

ఇదీ పాయింటు! ఒక్కడే కృష్ణుడైతే ఆ భయం ఎక్కడిది? తొమ్మిదింటికి ఎక్కినవాడు తెల్లవారుజాము దాకా తనదే రాజ్యం. గొంతు దాచుకుంటాడు, రాగాలు మింగేస్తాడు, మంచి పద్యాలు రెండు లేపేస్తాడు. ముగ్గురుంటే ఎవడూ దాచుకోడు. వాడికి దొరికింది గంటో గంటన్నరో. ఆ గంటలో ప్రాణం పెట్టాల్సిందే, లేకపోతే పై ఏడాది ఆ ఊరు పిలవదు.

"పాత్ర దెబ్బతింటుంది కదా" అంటారు. ఎవరికి దెబ్బతింది? నా పక్కన ఒక మామ్మగారు కూర్చున్నారు. రెండో కృష్ణుడు రాగానే "ఈయన కాస్త ఒళ్లు చేశాడు, గొంతు మాత్రం గట్టిది" అని తమలపాకు మడుచుకున్నారు. ఆవిడకి కృష్ణుడు ఎవరో తెలుసు, వేషగాడు ఎవరో తెలుసు. రాసక్రీడలో గోపికకో కృష్ణుణ్ణి ఒప్పుకున్నాం కదండీ, సీనుకో కృష్ణుడంటే మనకేంటి ఇబ్బంది?

అసలు సంగతి ఇంకోటుంది. ఆ పద్యాలు రాసిందే ఒక్కరు కాదు! తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి. ఏ పద్యం ఎవరిదో విడదీయకుండా జంటగా రాశారు. తిరుపతి శాస్త్రి 1920లో పోయారు. ఆ తర్వాత చెళ్లపిళ్ల వారు 1950 దాకా ఉన్నారు, ఒంటరిగా రాసినవి కూడా జంట పేరు మీదే వేశారు. రాసినాయన "ఇది నా ఒక్కడిది" అనలేదు, పాడేవాడు మాత్రం ఒక్కడే ఉండాలా? పోనీ మనం చూసేదైనా ఒకే నాటకమా? పాండవోద్యోగం, పాండవ విజయం రెండింట్లోంచి సీన్లు ఏరుకుని ఆడుతున్నదే కదా. అతుకుల్లోనే దాని అందం ఉంది.

ఇంకా కృష్ణుడి వేషానికి పేరుపడ్డ పాతవాళ్ల సంగతి చూడండి. పీసపాటి నరసింహమూర్తి గారు రాగం తగ్గించి మాట గుండెకి తగిలేలా చదివేవారు. షణ్ముఖి ఆంజనేయరాజు గారిది వేరే దారి, పాట మాధుర్యం. ఈలపాట రఘురామయ్య గారైతే వేలు నోట్లో పెట్టి ఈలతోనే రాగం తీసేవారు. వీళ్లలో అసలు కృష్ణుడు ఎవరో ఒక్కడు చెప్పండి. చెప్పలేరు!

నిజంగా కోపం రావాల్సింది దేనిమీదో చెప్పనా? చదివింపుల మీద. దుర్యోధనుడు గద భుజాన వేసుకుని ఊపిరి తీశాడు, పద్యం నోటిదాకా వచ్చింది. ఠక్కున మైకులో "ఫలానా వారు అయిదు వందల రూపాయలు..." ఆయన గద దించి, నమస్కారం పెట్టి, నోటు తీసుకుని, మళ్లీ గద ఎత్తి, మళ్లీ కోపం తెచ్చుకోవాలి. ఒక్క సీనులో నాలుగుసార్లు! ఆ మైకులో ఎకో ఎంత పెట్టారంటే, ఒక పాదం ముగిసేలోపు ముందు పాదం తిరిగొస్తోంది. దీన్ని క్లిప్ చెయ్యండి, నేనే షేర్ చేస్తా.

హార్మోనియం ఆయన గురించి ఒక్క ముక్క. మొదటాయన నాలుగు శ్రుతి, రెండో ఆయన అయిదు. కృష్ణుడు మారగానే ఈయన ఎడం చేత్తో తిత్తి ఊపుతూనే, కుడిచేత్తో మెట్లు జరిపి, తల కూడా ఎత్తకుండా అందుకున్నాడు. ముగ్గురు కృష్ణుల్నీ మోసింది ఆయనే. పోస్టర్లో పేరు లేదు.

ఇక మూడో ఆయన. కౌరవ సభ సీను వచ్చేసరికి మూడున్నర దాటింది. జాగారం కాబట్టి జనం ఉన్నారు గానీ సగం మంది కూర్చునే కునుకు తీస్తున్నారు. ఆయనకి అరవై పైనే ఉంటాయి, పళ్లు రెండు లేవు. "చెల్లియో చెల్లకో" మెల్లగా మొదలుపెట్టాడు. రాగం సాగదియ్యలేదు, అన్న తమ్ముడికి నచ్చజెప్పినట్టే చెప్పాడు. "జెండాపై కపిరాజు" దగ్గరికొచ్చేసరికి టార్పాలిన్ మీద దుప్పట్లు ఒక్కొక్కటీ కదిలాయి. పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు. మామ్మగారు నోట్లో ఆకు నమలడం ఆపేశారు. పద్యం అయ్యాక మొదటి వన్స్ మోర్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? తెర వెనక నుంచి. రెండో కృష్ణుడు, మన మాస్టారు! రంగు కడుక్కుని, బనీనుతో నిలబడి, చేతిలో అదే స్టీలు గ్లాసు పట్టుకుని అరిచాడు.

నా ఓటు మూడో కృష్ణుడికి. మీరు చూసిన రాయబారంలో ఏ కృష్ణుడు గెలిచాడో, ఏ ఊళ్లోనో కింద రాయండి. "సర్కస్" అని రాసేవాళ్లు కనీసం ఒక్క రాత్రి మేలుకుని వచ్చి రాయండి.