సముద్రానికి గంట దూరంలో సర్ఫింగ్ సంత

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు అమెరికా అనుభవాలు చెప్పమన్నారు. అవి మొదలుపెడితే తెల్లారిపోతుంది. అందుకని మూడు రోజుల్లో తెమిలిపోయిన ఒక్క అనుభవమే చెబుతాను. ఈ జనవరిలో ఫ్లోరిడా రాష్ట్రం ఆర్లాండోలో సర్ఫ్ ఎక్స్‌పో చూసొచ్చాను. సర్ఫింగ్ అంటే బోర్డు మీద నిలబడి అలల మీద జారే ఆట, ఇది ఆ ఆట సరుకుల సంత. ముందే ఒప్పుకుంటున్నాను, నాకు సర్ఫింగ్ రాదు. మన విశాఖ లాసన్స్ బేలో మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. మా అమ్మ దిగనిచ్చేది కాదు.

ఇది మన ఎగ్జిబిషన్ లాంటిది కాదు. టికెట్టు కొని, మిరపకాయ బజ్జీ తింటూ తిరగడం కుదరదు. దుకాణాలవాళ్లు, సరుకు తయారుచేసేవాళ్లు మాత్రమే రావాలి. 1976 నుంచి జరుగుతోంది, ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు, జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి. ఫ్లోరిడాలో మా మిత్రుడొకాయనకి బీచి రోడ్డు మీద చిన్న దుకాణం ఉంది. భీమవరం మనిషి. సరుకు ఎంచడానికి తోడు రమ్మని నా పేరు మీద కూడా బయ్యర్ బ్యాడ్జి తీయించాడు. అక్కడ ఎవరైనా ముందు మన మెడలో బ్యాడ్జి చూస్తారు, తర్వాతే మొహం. అమ్మకందారు బ్యాడ్జి ఉంటే ఒక పలకరింపు, కొనేవాడి బ్యాడ్జి ఉంటే ఇంకో పలకరింపు. పెళ్లిలో మగపెళ్లివాళ్లకి జరిగే మర్యాద మూడు రోజులు నాకు జరిగింది. ఒక్క డాలరు సరుకు కొనకుండా.

తమాషా ఏంటంటే, ఆర్లాండోలో సముద్రం లేదు. కోకో బీచికి వెళ్లాలంటే కారులో గంట పడుతుంది. సర్ఫింగ్‌లో పదకొండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన కెల్లీ స్లేటర్ పుట్టిపెరిగింది ఆ కోకో బీచిలోనే. అక్కడి అలలు మన భీమిలి అలలకన్నా పెద్ద గొప్పవేం కావు. సంత మాత్రం ఆర్లాండో కన్వెన్షన్ సెంటర్లో. ఆ భవనంలో ప్రదర్శనలకున్న స్థలమే 20 లక్షల చదరపు అడుగులు దాటుతుంది. ఈ సంతకి అందులో కొంత భాగం ఇచ్చారు, ఆ కొంత భాగం తిరగడానికే నా కాళ్లు బొబ్బలెక్కాయి. బూట్లు వేసుకుని వెళ్లడం నాదే తప్పు. అక్కడ సూటు వేసుకున్నవాడు కనబడితే వింతగా చూస్తారు. కోట్ల వ్యాపారం చేసేవాడు కూడా హవాయి చెప్పులే.

లోపలికి అడుగుపెట్టగానే బోర్డులు బారులు తీరి ఉంటాయనుకున్నాను. మొదట కనబడినవి చెప్పులు. తర్వాత కళ్లజోళ్లు, టోపీలు, తువ్వాళ్లు, ఈత దుస్తులు. ఆ పక్క వరసంతా ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంత బొమ్మలు, గవ్వలు. ఒక అట్టపెట్టె మీద ఫిలిప్పీన్స్ అని ముద్ర ఉంది. ఫిలిప్పీన్స్ గవ్వ ఫ్లోరిడా ఒడ్డున జ్ఞాపికగా అమ్ముడవుతుందన్నమాట. ఒక టీషర్టు కాలరు తిప్పి చూశాను, మేడ్ ఇన్ ఇండియా. దాని మీద బొమ్మేమో హవాయి కొబ్బరిచెట్టు.

బోర్డులేవి అని అడిగితే మా మిత్రుడు నవ్వాడు. "గురూ, బోర్డుల దగ్గర ఎంతసేపైనా నిలబడు. ఆర్డరు మాత్రం చెప్పుల దగ్గర రాయాలి" అన్నాడు. ఆయన లెక్క సూటిగా ఉంటుంది. ఇరవైకి కొన్న టీషర్టు నలభైకి పోతుంది. బోర్డు మీద మిగిలేది తక్కువ, అది తినే జాగా ఎక్కువ, ఎవరైనా పొరపాటున మోచెయ్యి తగిలించారా, సొట్ట. "బోర్డు కొన్నవాడు మళ్లీ మూడేళ్లకి కనబడతాడు. టీషర్టు కొనేవాడు బస్సు దిగి రోజూ వస్తాడు." ఇంతా చేసి ఆయన దుకాణం గోడకి ఒక పాత బోర్డు వేలాడుతూ ఉంటుంది. కింద "అమ్మేది కాదు" అని చీటీ. జనం దాని ముందు ఫొటో తీసుకుంటారు, చెప్పులు కొనుక్కుని వెళతారు. ఆ ఎక్స్‌పో మొత్తం నాకు ఆ గోడలాగే కనబడింది. ప్రతి స్టాలు వెనకా ఒక పెద్ద అల ఫొటో, అల మీద ఒక మనిషి, మనిషి కాళ్ల కింద ఒక బోర్డు. ఆ బోర్డు చేసినవాడు మాత్రం హాలు చివర ఒక మూల ఉన్నాడు.

ఆ మూలే నేను ఎక్కువసేపు గడిపాను. అద్దాల గది ఒకటి కట్టారు. లోపల ఒక మనిషి, అరవై దాటి ఉంటాయి, మూతికి మాస్కు. ఎదురుగా స్టాండు మీద తెల్లటి నురగ దిమ్మ. పాలీయురెథేన్ నురగ. మధ్యలో నిలువునా సన్నటి చెక్క బద్ద. ఆ దిమ్మని చిత్రిక పట్టి బోర్డు ఆకారం తెస్తాడు. గదిలో దీపాలు పైన లేవు. రెండు పక్కలా, నడుము ఎత్తులో ఉన్నాయి. వెలుతురు అడ్డంగా పడితేనే చిన్న ఎత్తుపల్లం కూడా నీడై కనబడుతుందట. మెషిన్ తోస్తుంటే నురగ కొబ్బరికోరులా రాలుతోంది. చెక్క బద్ద మీదికి రాగానే మెషిన్ వదిలి చిన్న చేతి చిత్రిక తీసుకున్నాడు. గీత గీతకీ ఆగి, అరచేత్తో అంచు పొడవునా నిమిరి, అటు తిరిగి ఇంకో అంచూ నిమిరాడు. రెండు అంచులూ ఒక్కలా ఉన్నాయా అని. నిమిరేటప్పుడు కళ్లు మూసుకున్నాడు.

పని అయ్యాక అందరినీ చూడనిచ్చారు. నేను ఊరుకోలేక బొటనవేలితో నొక్కాను. గుంట పడింది! పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ, రెజిన్ అనే జిగురు పూత పడేదాకా ఆ నురగ అంత మెత్తన అని నాకేం తెలుసు? నా టెన్షన్ చూసి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. జేబులోంచి గరుకు కాగితం ముక్క తీసి నాలుగుసార్లు రుద్ది, మళ్లీ కళ్లు మూసుకుని నిమిరాడు. ఈ రోజుల్లో చాలా బోర్డుల్ని కంప్యూటర్ మిషనే కోసేస్తుంది, మనిషి చివరి మెరుగులే దిద్దుతాడు. అయినా ఆ చివరి నిమురుడుకి ఇంకా మిషన్ రాలేదు.

ఈ నురగ దిమ్మ వెనక ఒక కథ ఉంది. అక్కడ పాతవాళ్లెవరిని కదిపినా అదే చెబుతారు. కాలిఫోర్నియాలో గోర్డన్ క్లార్క్ అని ఒకాయన ఉండేవాడు. 1950ల చివర్లో బోర్డులు చేసే హోబీ ఆల్టర్‌తో కలిసి బాల్సా అనే తేలిక చెక్క బదులు నురగతో బోర్డులు చేయడం మొదలుపెట్టి, తర్వాత సొంతంగా క్లార్క్ ఫోమ్ పెట్టాడు. అమెరికాలో బోర్డు చేసేవాళ్లలో నూటికి తొంభై మంది ఆయన దిమ్మ మీదే బతికేవాళ్లని చెబుతారు. 2005 డిసెంబరు 5, సోమవారం. కంపెనీ మూసేస్తున్నానని ఖాతాదారులకి ఫ్యాక్సు పంపాడు. నోటీసు లేదు, గడువు లేదు. రసాయనాల మీద ప్రభుత్వ నిబంధనలు, కేసుల భయం అని రాశాడు. ఫ్యాక్టరీ ఇంకొకరికి అమ్మలేదు సరికదా, అచ్చులు కూడా పగలగొట్టించాడు. ఆ రోజుని ఇప్పటికీ బ్లాంక్ మండే అంటారు. దిమ్మని వాళ్లు బ్లాంక్ అంటారు లెండి, చెడ్డ సోమవారాన్ని బ్లాక్ మండే అంటారు కదా, మాట రెండు రకాలుగా కలిసొచ్చింది. బోర్డుల ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. వ్యాపారం మొత్తం ఒకే ఒక్క మనిషి షెడ్డు మీద నిలబడి ఉందని ఆ సోమవారం దాకా ఎవరికీ పట్టలేదు.

బోర్డు వాళ్లకి డబ్బు అంటదేమో అనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో సైమన్ ఆండర్సన్ అని ఒకాయన 1980లో బోర్డు అడుగున మూడు సమానమైన రెక్కలు పెట్టాడు. మరుసటేడు దాని మీదే బెల్స్ బీచి పోటీ గెలిచాడు. ఇవాళ పోటీ బోర్డుల్లో ఎక్కువ భాగం అదే పద్ధతి. ఆయన పేటెంటు తీసుకోలేదు. బట్టలవాళ్ల దారి వేరు. క్విక్‌సిల్వర్ 1969లో ఆస్ట్రేలియాలోనే టోర్కీ అనే చిన్న ఊళ్లో సర్ఫర్లు వేసుకునే నిక్కర్లతో మొదలైంది. ప్రపంచమంతా పాకి, 2015లో అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. చేతులు మారి మారి, 2023లో పేర్లు కొని లైసెన్సుకిచ్చే కంపెనీ చేతికి పోయింది. ఇప్పుడు కుట్టేది ఒకరు, అమ్మేది ఒకరు, పేరు ఇంకొకరిది.

అమ్మకం తెలిసినవాడంటే నా దృష్టిలో జాక్ ఓనీల్. శాన్‌ఫ్రాన్సిస్కోలో నీళ్లు చన్నీళ్లు కదా, 1952లో అక్కడ కొట్టు పెట్టి రబ్బరు సూట్లు అమ్మేవాడు. ఇలాంటి ట్రేడ్ షోలకి సొంత పిల్లల్నే తీసుకెళ్లి, సూటు తొడిగి ఐసుగడ్డల తొట్టిలో కూర్చోబెట్టేవాడట. చలి వెయ్యదని చూపించడానికి. ఇప్పుడైతే పోలీసులొస్తారు.

ఊరొచ్చాక పోయిన ఆదివారం పెద జాలారిపేట ఒడ్డుకి వెళ్లాను. గాల్లో ఏదో తెలిసిన వాసన. రెండు నిమిషాలు పట్టింది పోల్చుకోవడానికి. ఆర్లాండో హాల్లో బోర్డుల మూల వచ్చిన రెజిన్ వాసనే! ఒకాయన తెప్పకి మాటు వేస్తున్నాడు. మా చిన్నప్పుడు తెప్పంటే దుంగలు. బాడిసతో చెక్కి, తాళ్లతో కట్టి, వేట నుంచి రాగానే విప్పి ఇసుకలో ఆరబెట్టేవారు. ఇప్పుడు లోపల థర్మాకోలు, పైన ఫైబరు. అక్షరాలా సర్ఫ్ బోర్డు చేసే పద్ధతే. ఆయన కూడా అరచేత్తో నిమిరి చూస్తున్నాడు.

ఉండబట్టలేక ఫోనులో ఉన్న బోర్డు ఫొటో చూపించాను. ఎంత అని అడిగాడు. మన డబ్బుల్లో డెబ్భై వేలు పైమాటే అన్నాను. ఫొటో పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చూశాడు.

"దీనికి ఇంజినుంటాదా బాబూ?"

లేదన్నాను.

"మరి దీంతో ఏటి పడతారు?"